అడుగు వైపు చెక్కిన పేరు

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. జర్మనీలో, కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చేసి, ఇంగోల్‌స్టాట్‌లో కారు తలుపుల మీద పనిచేశాను. తలుపుల మీద కూడా కాదు, తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు మీద. ఖరీదైన కారు తలుపు పడితే చప్పుడు మెత్తగా, బరువుగా ఉండాలి. అందులో రేకు మోగినట్టుందని పైవాళ్ళలో ఎవరికైనా అనిపిస్తే రబ్బరు అంచు మార్చి, మళ్ళీ వేసి, మళ్ళీ వినాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మూసిన గదిలో తలుపు తీయడం, వేయడం. ఇంటికొచ్చాక ఫ్రిజ్ తలుపు వేసినా చెవులు నిక్కబొడుచుకునేవి. అమ్మ నా ఉద్యోగం గురించి ఊరంతా చెప్పుకునేది. నేనేం చేస్తానో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

శనివారాలు ఏదో ఒకటి పెట్టుకోకపోతే పిచ్చెక్కేలా ఉందని పెద్దవాళ్ళ కోసం నడిపే బడిలో జర్మన్ క్లాసుకి చేరబోయాను. అది నిండిపోయింది. అదే భవనంలో ఖాళీ ఉన్నది రాయి చెక్కడం ఒక్కటే. సరే, కట్టబోయిన ఫీజు దానికే కట్టాను. మొదటిరోజు తలా ఒక ఇసుకరాయి ముక్క ఇచ్చి, మీకిష్టమైన అక్షరం ఒకటి చెక్కమన్నారు. నేను తెలుగు ‘అ’ గీశాను. నేర్పే ఆవిడ తల పక్కకి వంచి చూసి, ఇది అక్షరమా బొమ్మా అని అడిగింది. అక్షరమే అన్నాను. ఉలి పెట్టిన కాసేపటికే లోపలి మెలిక దగ్గర రాయి చిట్లి ఊడిపోయింది. వాళ్ళ అక్షరాల్లో నిలువు గీతలెక్కువ, ఉలి వాటి వెంట సాఫీగా పోతుంది. మనవన్నీ గుండ్రాలు. ప్రతి మలుపులోనూ ఉలి తిరగనని మొరాయిస్తుంది. ఆ రోజు నాకు మధ్యాహ్నం భోజనం సంగతే గుర్తు రాలేదు.

రాతిలో తెలుగు అక్షరం చిట్లకుండా నిలబెట్టాలి. నాకు కావలసింది అంతే. జీవితంలో ఏం కావాలని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన జవాబు నాకు అదొక్కటే దొరికింది. దాని కోసం ఉద్యోగం వదిలేశాను. కార్ల్స్‌రూహెలో శ్మశానం గేటుకి ఎదురుగా సమాధిరాళ్ళు చెక్కే పనిశాల ఒకటుంది. అక్కడి పెద్ద మేస్త్రీ, వాళ్ళ మాటలో మైస్టర్, నన్ను ఆవుస్‌బిల్డుంగ్‌కి, అంటే పని నేర్చుకునే కుర్రాడిగా చేర్చుకున్నాడు. వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికి వెళితే, అక్కడి ఆవిడ నా డిగ్రీని, కొత్త ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“మీకు మాస్టర్ డిగ్రీ ఉంది. ఇది స్కూలు అయిపోయిన పిల్లలు చేరే చదువు. మీకు ఎవరైనా సరిగ్గా చెప్పారా?”

“చెప్పారండీ. తెలిసే చేరుతున్నాను.”

ఆమె కాగితాల మీద ముద్ర కొట్టి, నా వంక జాలిగా చూసింది. తర్వాత ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది.

ఇంటి దగ్గర సంగతి చెప్పనక్కర్లేదు. నాన్న ఫోనెత్తి నా గొంతు వినగానే అమ్మ చేతికిచ్చేసేవాడు. అమ్మ చుట్టాలకి, చర్చిలో వాళ్ళకి “మావాడు సివిల్ సైడు మారాడు” అని చెప్పింది. అది అబద్ధం కూడా కాదు కాబట్టి నేను దిద్దలేదు. నువ్వు చేసిందేదైనా ఉంటే ఫొటో పెట్టరా అని ఒకసారి అడిగితే, ఆశగా ఒక రాయి ఫొటో పంపాను. ఎవరో జర్మన్ ముసలాయన పేరు, దాని పైన గోధుమ వెన్ను. మర్నాడు ఫోన్ చేసి, “పొద్దున్నే లేచి సమాధి చూశాన్రా. ఇంకెప్పుడూ పొద్దున పూట పెట్టమాక” అంది.

కార్ల్స్‌రూహెలో తెలుగు క్రైస్తవుల సహవాసం ఒకటి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం, జర్మన్ల ఆరాధన అయిపోయాక, వాళ్ళ చర్చి వెనక హాలు అద్దెకి తీసుకునేవాళ్ళు. గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల వాళ్ళే ఎక్కువ. అందరూ సాఫ్ట్‌వేరు, లేకపోతే చదువుకునే పిల్లలు. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో పాస్టరు అయ్యగారు జబ్బు పడ్డవాళ్ళనీ, ఉద్యోగం పోయినవాళ్ళనీ వరసగా దేవుడికి అప్పజెబుతూ, నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, “ప్రభువా, మా సహోదరుడిని మరలా తన చదువుకి తగిన పనిలో నిలబెట్టు తండ్రీ” అనేవారు. చుట్టూ అందరూ ఆమెన్ అనేవాళ్ళు. కళ్ళు మూసుకునే పళ్ళు నూరుకునేవాణ్ణి. అయినా ప్రతి వారం వెళ్ళేవాణ్ణి. ఊళ్ళో తెలుగు వినబడే చోటు అదొక్కటే. పైగా తర్వాత భోజనాలుండేవి.

ఆ సహవాసంలోనే ఒక జంట ఉండేది. అతనిది ఐటీ కంపెనీలో పని. ఆమె నన్ను ‘అన్నయ్యా’ అని పిలిచేది. ఏం చెక్కుతున్నావు, ఎలా చెక్కుతావు అని అడిగిన మనిషి ఆ హాలు మొత్తంలో ఆమె ఒక్కతే. వాళ్ళకి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పిల్లకి పుట్టుకతోనే గుండెలో లోపం. కొద్దిరోజులు ఆస్పత్రి అద్దాల పెట్టెలో ఉండి చనిపోయింది.

ఆ పిల్లకి పేరు పెట్టలేదు. ఆస్పత్రిలో నర్సులు రోజూ అడిగేవాళ్ళట, పేరేమిటి అని. తర్వాత చెప్తాం అనేవాళ్ళట వీళ్ళు. మనలో పేరంటే పుట్టగానే కాగితం మీద రాసిచ్చేది కాదు కదా. బిడ్డ కడుపులో ఉండగానే అతని తల్లి ఊళ్ళో ఉపవాసముండి ప్రార్థన చేసి ఒక పేరు ఎంచింది. ఆవిడ ఇక్కడికి రావాలి, బిడ్డని ఒళ్ళోకి తీసుకోవాలి, అయ్యగారు సంఘం ముందు ఆ పేరు చెప్పాలి. అప్పటిదాకా పైకి అనకూడదు. ఆవిడకి వీసా టెర్మిన్ దొరకలేదు. ఈలోగా బిడ్డ పోయింది. భూస్థాపన రోజున అయ్యగారు పేరు రావలసిన ప్రతి చోటా ‘ఈ పసిబిడ్డ’ అన్నారు. పెట్టె ఎంత చిన్నదంటే, తండ్రి ఒక్కడే రెండు చేతుల మీద మోసుకొచ్చాడు.

నెల తర్వాత అతను నన్ను హాలు బయటికి పిలిచాడు.

“బ్రదర్, రాయి మీరే చెయ్యాలి. బయటవాళ్ళకి ఇవ్వబుద్ధి కావట్లేదు.”

నా మనసులో ఏం మెదిలిందో దాచి లాభం లేదు. దుఃఖంతో పాటే, ఇన్నాళ్ళకి ఒక తెలుగు రాయి వచ్చిందన్న సంతోషం కూడా మెదిలింది. రెండూ ఒకేసారి. పేరు ఏం చెక్కమంటారు అని అడిగాను. అతను నేల చూపులు చూశాడు.

“పేరు వద్దు బ్రదర్. అమ్మ ఒప్పుకోవట్లేదు. అది ప్రార్థనలో వచ్చిన పేరంట. మట్టిలో పెట్టమాకండి, రేపు పుట్టే బిడ్డకి కావాలి అంటంది. జర్మన్‌లో ‘మా బిడ్డ’ అని రాసి, సంవత్సరం వేస్తే చాలు.”

“పోనీ అదే తెలుగులో చెక్కుతాను.”

“ఇక్కడ తెలుగు ఎవరు చదువుతారు బ్రదర్? శ్మశానం ఆఫీసులో మళ్ళీ అనువాదం అడుగుతారు. ఆ తిరుగుడు నా వల్ల కాదు.”

ఆమె హాలు గుమ్మంలో నిలబడి వింటోంది. కోటు గుండీలు ఒక్కోటీ పెట్టుకుంటూ పైదాకా వచ్చి, మళ్ళీ విప్పేసింది.

పిల్లల సమాధులకి ఇక్కడ చిన్న రాయి వేస్తారు. నిలబెట్టరు, దిండులాగా నేల మీద పడుకోబెడతారు. ఇటు దొరికే ఎర్ర ఇసుకరాయిలో ఒక ముక్క తీసి, నున్నగా చేసి, ముఖం మీద జర్మన్ మాటలు రెండూ, సంవత్సరమూ చెక్కాను. మైస్టర్ వచ్చి అక్షరాల్లో వేలు పెట్టి చూసి, బాగానే ఉన్నాయి అన్నాడు. నిజంగా బాగానే ఉన్నాయి. నాకు మాత్రం రోజంతా తలుపు చప్పుడు విని ఇంటికొచ్చినట్టే ఉంది.

ఇంకో నాలుగురోజుల్లో రాయి వెయ్యాలనగా, ఆమె ఒక్కతే ట్రామెక్కి పనిశాలకి వచ్చింది. మధ్యాహ్నం పూట, మైస్టర్ భోజనానికి వెళ్ళాడు. రాయి బల్ల మీద ఉంది. చెయ్యి వెయ్యకుండా చూసింది.

“అన్నయ్యా, దీన్ని తిప్పగలవా?”

తిప్పాను. అడుగు వైపు గరుకుగా, ఖాళీగా ఉంది.

“ఇది మట్టిలోకి పోయే వైపేగా. ఇక్కడ ఎవరికీ కనపడదుగా.”

“కనపడదు.”

“ఇక్కడ పేరు పెట్టన్నయ్యా. మా ఆయనకి చెప్పమాక, అత్తయ్యకి అసలే వద్దు. నేను కడుపుతో ఉన్నప్పట్నించీ లోపల్లోపల ఆ పేరుతోనే పిలుచుకున్నాను. అది వినే ఉంటది. పేరు లేని పిల్లని పెట్టిపోతే ఎట్లా?”

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను కాదనేవాణ్ణేమో. ఏ పేరు అని అడిగాను. చెప్పింది. ఇంటి బయట ఆ పేరు పలకడం ఆమెకి అదే మొదటిసారి అనుకుంటాను. ఆ పేరు ఇక్కడ రాయను.

మూడు అక్షరాల పేరు. రెండో అక్షరం కింద ఒక వత్తు. సుద్దముక్కతో రాయి మీద రాసి చూపించాను. వేలితో ఆ సుద్ద మీద రాసినట్టే తిప్పుకుంటూ చివరిదాకా పోయింది. వేలికి తెల్లగా అంటుకుంది. తుడుచుకోకుండానే చేతి తొడుగు వేసుకుని వెళ్ళిపోయింది.

మైస్టర్‌కి చెప్పకుండా కుదరదు, చెప్పాను. శ్మశానం ఆఫీసు ఒప్పుకున్న నమూనాలో అది లేదు కదా అన్నాడు. అడుగు వైపు అన్నాను. అయితే పని గంటల్లో చెయ్యకు, శనివారం వచ్చి చేసుకో అని తాళాలిచ్చాడు.

ఆ శనివారం చెక్కినంత బాగా నేను అంతకు ముందెప్పుడూ చెక్కలేదు. తర్వాత కూడా చెక్కానని చెప్పలేను. గుండ్రం దగ్గర ఉలిని తిప్పకూడదు, ఒంటినే తిప్పాలి. అది నాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు, వాళ్ళకి ఆ అవసరం లేదు. బల్ల చుట్టూ తిరుగుతూ కొట్టాను. తలకట్టు దగ్గర ఊపిరి బిగబట్టాను. వత్తుకి అన్నిటికన్నా సన్న ఉలి పట్టాను. రాయి ఎక్కడా చిట్లలేదు. లోతుగా కోశాను, మామూలు కన్నా చాలా లోతుగా. మట్టిలో ఉండేది, ఎంతకాలమైనా ఉండాలని. చివరికి దుమ్ము ఊది, కిటికీ దగ్గరికి జరిపి చూశాను. పక్క వెలుతురుకి అక్షరాలు నల్లగా, నిండుగా లేచాయి. చదువుకున్న చదువంతా మట్టి కొట్టుకుపోయిందని నాకోసం ప్రార్థన చేసేవాళ్ళందరినీ పిలిచి చూపించాలనిపించింది. పిలవడానికి లేదు. ఫోను తీశాను, ఫొటో కోసం. ఎందుకో తియ్యబుద్ధి కాలేదు, జేబులో పెట్టేసుకున్నాను.

రాయి వేసిన రోజున సన్నగా వాన. కంకర పరిచి, రాయిని దించేముందు ఆమె ఉన్న వైపుకి కాస్త ఎత్తి పట్టుకున్నాను. భర్త అవతల గొడుగు పట్టుకుని ఉన్నాడు, అతనికి రాతి ముఖం తప్ప కనపడదు. ఆమె వంగి అడుగు వైపు చూసింది. చదివింది. పెదాలు కదిలాయి. అప్పుడు దించాను.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. పరీక్ష పాసయ్యాను, అదే పనిశాలలో పనివాడిగా నిలబడ్డాను. నా చేతి కింద ఎన్నో జర్మన్ పేర్లు వెళ్ళాయి. తెలుగు రాయి ఇంకొకటి రాలేదు. మనవాళ్ళెవరైనా ఇక్కడ పోతే పెట్టెలో పెట్టి విమానమెక్కిస్తారు. నా పని ఏదని మనసులో లెక్క వేసుకుంటే, నాకు ఆ మూడు అక్షరాలే గుర్తొచ్చేవి. అయ్యగారు నా కోసం ప్రార్థన చేసినప్పుడల్లా, నాది ఒకటుంది, నేల కింద ఉంది అనుకునేవాణ్ణి. దాంతో పళ్ళు నూరుకోవడం మానేశాను.

వాళ్ళకి మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. ఈసారి అత్తగారు ముందే వచ్చి కూర్చుంది. పిల్ల ఆరోగ్యంగా ఉంది. బిడ్డని దేవుడికి ప్రతిష్ఠించే రోజున హాలు కిటకిటలాడింది. అయ్యగారు బిడ్డని చేతుల్లోకి తీసుకుని, పైకెత్తి, పేరు చెప్పారు.

అదే పేరు.

అది ముందే అనుకున్న సంగతేనని నాకు తెలుసు. అయినా చెవిన పడగానే ఆ రాతి అడుగు గుర్తొచ్చింది. అందరూ ఆమెన్ అని చప్పట్లు కొట్టారు. ఆమె వైపు చూశాను. ఆమె పిల్ల వైపే చూస్తోంది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర అత్తగారే నాకు దగ్గరుండి బిర్యానీ వడ్డించింది. “ఆ రాయి నువ్వే చేశావంటగా నాయనా, దేవుడు నిన్ను దీవించాలి” అంది.

కొన్ని వారాల తర్వాత, పనిరోజు, ఆమె పిల్లని బండిలో పెట్టుకుని తోసుకుంటూ పనిశాలకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నయ్యా, ఆ పేరు తీసెయ్యాలి.”

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

“దీనికి మొన్న జొరం వచ్చింది. రెండు రాత్రుళ్ళు కాలిపోయింది. పేరు పెట్టి పిలుస్తుంటే, ఎవర్ని పిలుస్తున్నానో నాకే తెలియట్లేదు. ఇది కళ్ళు తెరవట్లేదు, ఆ పిల్ల మట్టిలోంచి వింటన్నట్టు ఉంది. దీని పేరు రాతి కింద ఉందన్నయ్యా. బతికున్న పిల్ల పేరు.”

“అది దీని పేరు కాదు. ముందు దానిది. నువ్వే కదా పెట్టమన్నావు.”

“నేనే.”

“ఇసుకరాయి అది. కింద తేమకి కొన్నేళ్ళకి దానంతటదే పొరలుగా రాలిపోతుంది. ఎవరూ చూడరు. వదిలెయ్యి చెల్లెమ్మా.”

“అప్పటికి ఇది పెద్దదయిపోద్ది. అప్పటిదాకా నేను దీన్ని ఏమని పిలవను?”

నాకు కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను, ఆమె మీద, అత్తగారి మీద, ప్రార్థనలో పేర్లు ఇచ్చి అవే మళ్ళీ వాడుకోమనే దేవుడి మీద కూడా. నా కోసం కూడా కోపం వచ్చింది. ఉద్యోగం, ఇల్లు, నాన్న గొంతు అన్నీ వదులుకుని నేను చేసింది అదొక్కటి. దాన్ని చదివిన మనిషి ఈమె ఒక్కతి. ఆ మనిషే ఇప్పుడు చెరపమంటోంది. వేరే ఎవరినైనా చూసుకో అనబోయాను. వేరే ఎవరున్నారు?

మైస్టర్‌తో, ఆ రాయి ఒక పక్కకి కుంగింది, సరిచేసి వస్తాను అన్నాను. తోపుడుబండిలో గడ్డపార, చెక్కదిమ్మలు, సుత్తి, పళ్ళ ఉలి, చదును ఉలి, చీపురుకట్ట పెట్టుకుని గేటు దాటాను. ఆమె పిల్ల బండి తోసుకుంటూ వెనకాలే వచ్చింది.

రాయి నేలకి కరుచుకుపోయి ఉంది. గడ్డపారతో లేపి, దిమ్మల మీద తిరగేశాను. అడుగంతా మట్టి, సన్నటి తెల్లటి గడ్డివేళ్ళు. చీపురుతో ఊడిస్తే అక్షరాలు బయటపడ్డాయి. ఒక్క అంచు కూడా పోలేదు. నేను చెక్కినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. గీతల్లోకి వేళ్ళు పాకి, మలుపు మలుపునా తిరిగాయి. వాటిని గోటితో లాగేశాను. ఆమె అటు తిరిగి నిలబడింది.

శ్మశానంలో మెషీను వాడనివ్వరు, చేత్తోనే కొట్టాలి. మొదటి అక్షరం మీద పళ్ళ ఉలి పెట్టాను. ఉలి తల మీద ఒక దెబ్బ, రెండు దెబ్బలు. అంత లోతుగా కోయకపోయి ఉంటే తొందరగా పోయేది. పైపైన గీకితే పోవడం లేదు, ఆ వైపు మొత్తం వేలు మందాన దించాల్సి వచ్చింది. ఎర్రటి పొడి మోచేతుల దాకా పట్టింది. మొదటి అక్షరం పోయింది. రెండోది పోయాక కూడా దాని వత్తు చాలాసేపు ఉండిపోయింది, సన్న ఉలితో కోసింది కదా. సుత్తి చప్పుడుకి బండిలో పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. నేను ఆగాను.

“ఆగమాక అన్నయ్యా” అంది ఆమె.

పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది. వీపు నిమురుతూ, నా చేతి కింద ఇంకా ఒక అక్షరం మిగిలి ఉన్న ఆ పేరుతో పిల్లని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. పిల్ల ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. నేను మూడో అక్షరం మీద ఉలి పెట్టి, కొట్టాను.